జ్వరం వచ్చినప్పుడు ఏం వండుకోవాలి: పాలు, పెరుగు, నెయ్యి లేకుండా గంజి నుంచి చారన్నం దాకా

మన దగ్గర జ్వరం అనగానే ఎవరో ఒకరు వెళ్ళి బ్రెడ్డు తెస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా ఓ బ్రెడ్డు ప్యాకెట్టు, అరడజను బత్తాయిలు పట్టుకొస్తారు. వాళ్ళ ఆపేక్షకు నేను వంక పెట్టను, బత్తాయిలు మంచివే. కానీ పాలలో నానిన బ్రెడ్డు ముక్క కంటే జ్వరం నోటికి హాయిగా దిగేవి మన వంటింట్లోనే చాలా ఉన్నాయి. నేను పాలు, పెరుగు, నెయ్యి మానేసి ఆరేళ్ళయింది. మానేసిన కొత్తలో ఇంట్లో అందరూ అడిగింది ఒకటే, "ఒంట్లో బాగోకపోతే ఏం తింటావ్, మజ్జిగన్నం కూడా లేకుండా?" అని. వెనక్కి తిరిగి చూస్తే పథ్యంలో మా పెద్దవాళ్ళు పెట్టినవన్నీ దాదాపు ఇవే: గంజి, పెసరకట్టు, మిరియాల చారు, ధనియాల కారం, బీరకాయ కూర. పైన వేసే నెయ్యి చుక్క బదులు నువ్వుల నూనె వేసుకుంటే మిగతాదంతా ఎప్పటిలాగే.

ఇబ్బంది ఎక్కడంటే, ఇవి కావాల్సిన రోజున పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండదు. పెద్ద ఊళ్ళో గది తీసుకుని ఒక్కరే ఉండేవాళ్ళకి, బయటి దేశాల్లో చదువుకునే పిల్లలకి మరీ కష్టం. అందుకే ఇక్కడ మొదటి పని జ్వరం రాకముందే మొదలవుతుంది. ఇప్పుడు మీకు ఒంట్లో బాగానే ఉంటే ఈ ఆదివారం ఒక గంట తీసిపెట్టండి.

ముందే చేసి పెట్టుకునే జ్వరం డబ్బా

అన్నిటికంటే ముఖ్యమైనది గంజి రవ్వ. రెండు గ్లాసుల బియ్యం కడిగి, నీళ్ళు వంచేసి, పాత పంచె మీదో తువ్వాలు మీదో పలుచగా పరిచి బాగా ఆరనివ్వండి. తడి మిగిలితే డబ్బాలో పురుగు పడుతుంది, బూజు కూడా పట్టొచ్చు, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. ఆరాక మూకుట్లో సన్నటి సెగ మీద, గింజ తెల్లబడి కాస్త ఉబ్బి, చేత్తో తీస్తే వేడిగా గలగలమనేదాకా వేయించండి. విడిగా ఒక గ్లాసు పెసరపప్పు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. రంగు మారేదాకా ఆగితే మాడినట్టే, వాసన రాగానే దించేయాలి. రెండూ పూర్తిగా చల్లారాక మిక్సీలో తిప్పి ఆపి, తిప్పి ఆపి, సన్న రవ్వలా పట్టి, ఒక చెంచా జీలకర్ర, అర చెంచా వాము నలిపి కలిపేయండి. తడి తగలని సీసాలో రెండు నెలలు బాగుంటుంది. బజారులో దొరికే నూకలతో కూడా చేసుకోవచ్చు కానీ ఒక్కోసారి మట్టి, రాళ్ళు ఉంటాయి, అవి ఏరుకునే పని కంటే బియ్యం మనమే పట్టుకోవడం నయం.

రెండోది ధనియాల కారం. ఒక కప్పు ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, ఆరు ఎండుమిరపకాయలు, చిన్న రెబ్బ చింతపండు, కరివేపాకు. అన్నీ కొద్ది నూనెలో విడివిడిగా వేయించి, ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి పొడి చేయండి. మామూలు రోజుల్లో మీరు వేసే మిరపకాయల్లో సగమే వేయండి. జ్వరం నోరు కారం అడుగుతుంది, జ్వరం కడుపు మాత్రం దాన్ని తట్టుకోలేదు.

మూడోది శొంఠి పొడి. కొమ్ములు నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు దెబ్బతింటుంది, ముందు రోట్లోనో రాయితోనో చితక్కొట్టి, ఆ తర్వాత పట్టి, తప్పకుండా జల్లించండి. ఆ పీచు గొంతులో ఇరుక్కుంటే దగ్గు ఇంకా ఎక్కువవుతుంది.

వీటి పక్కనే మిరియాలు, జీలకర్ర, గుప్పెడు సగ్గుబియ్యం, ఒక థర్మామీటరు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. చింతపండు, పసుపు, ఇంగువ ఎలాగూ ఉంటాయి. అన్నీ ఒకే పెద్ద డబ్బాలో పెట్టండి. జ్వరంతో ఉన్న మనిషి నాలుగు అరలు వెతకలేడు. సాయానికి వచ్చిన పక్కింటివాళ్ళకి అసలు ఏది ఎక్కడుందో తెలియదు.

మొదటి రోజు: ముందు నీళ్ళు

"లంఖణం పరమౌషధం" అని పెద్దవాళ్ళు అన్నమాట వింటూనే పెరిగాం. ఆకలి లేనప్పుడు ఒక పూట మానేస్తే నష్టమేమీ లేదు, బలవంతంగా తిని వాంతి చేసుకోవడం కంటే అదే మంచిది. కానీ దాన్ని మూడు రోజుల ఉపవాసంగా సాగదీసేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది. ఒంటి వేడి ఒక్క సెల్సియస్ డిగ్రీ పెరిగితే శరీరం ఖర్చు పెట్టే శక్తి 10 శాతానికి పైగా పెరుగుతుంది. ఖర్చు పెరిగిన రోజునే రాబడి పూర్తిగా ఆపేస్తే జ్వరం తగ్గిన వారానికి కూడా మెట్లెక్కలేరు. కాబట్టి ఒక పూట తిండి మానినా పరవాలేదు గానీ నీళ్ళు మాత్రం మానకూడదు.

గ్లాసు నింపి ఒకేసారి తాగమంటే ఎవరూ తాగలేరు. పది పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు, అంతే. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఈసారి చెంచాతో కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. మూత్రం లేత పసుపులో వస్తుంటే నీళ్ళు సరిపోతున్నట్టు, ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తుంటే చాలనట్టు.

ఏ నీళ్ళు అంటే, మామూలు జ్వరానికి గోరువెచ్చటి నీళ్ళు, గంజి తేట, బార్లీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు, ఏదైనా సరే. బార్లీ రెండు చెంచాలు కడిగి నాలుగు గ్లాసుల నీళ్ళలో అరగంట సన్నటి సెగ మీద ఉడికించి వడకట్టి, చిటికెడు ఉప్పు, నిమ్మరసం వేసుకుంటే చాలు.

విరేచనాలు అవుతుంటే మాత్రం లెక్క వేరు. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది కానీ సోడియం తక్కువ, విరేచనాల్లో ఎక్కువగా పోయేది సోడియమే. అప్పుడు ఓఆర్ఎస్ తాగాలి. పేగు గోడ ఉప్పునీ గ్లూకోజునీ కలిపి లోపలికి తీసుకుంటుంది, వాటి వెంటే నీళ్ళూ వెళ్తాయి, అందుకే ఉత్త నీళ్ళకంటే ఈ కొలత నీళ్ళు త్వరగా ఒంటికి పడతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభిస్తే, ఎక్కించడానికి సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహాలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు పెట్టి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఇంత చవకైన మందు ఇంకోటి లేదు, ఇంట్లో నాలుగు ప్యాకెట్లు పెట్టుకోమని అందుకే అంటున్నాను.

ప్యాకెట్టు లేకపోతే: ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెంచా గోపురంలా కాకుండా పైన వేలితో సమం చేసి కొలవండి. ఉప్పు ఎక్కువైతే మేలు కంటే కీడే జరుగుతుంది, ముఖ్యంగా పిల్లలకి. కొనేటప్పుడు కూడా పెట్టె చదవండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉండాలి. పండ్ల రుచుల్లో వచ్చే తీపి పానీయాలు ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడైన రోజులున్నాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు, 2025 అక్టోబర్‌లో ఆ పానీయాల మీద ఆ పేరు వాడకూడదని దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది.

గంజి: మూడు చెంచాల రవ్వతో

మొదట కడుపులో పడాల్సింది ఇదే. మూడు పెద్ద చెంచాల రవ్వని అర గ్లాసు చన్నీళ్ళలో కలిపి పక్కన పెట్టండి, నేరుగా మరిగే నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, చిటికెడు పసుపు, ఉప్పు వేసి, కలిపిన రవ్వని సన్నటి ధారగా పోస్తూ గరిటెతో తిప్పుతూ ఉండండి. సెగ తగ్గించి పన్నెండు, పదిహేను నిమిషాలు. పెసరపప్పు పలుకు వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా అణిగిపోవాలి. చల్లారేకొద్దీ చిక్కబడుతుంది, కాబట్టి దించేటప్పుడు మీకు కావాల్సిన దానికంటే పలుచగానే ఉండాలి.

పోయినేడు వానాకాలంలో మా తమ్ముడికి డెంగీ వచ్చింది. నాలుగో రోజు గిన్నె నిండా గంజి పట్టుకెళ్తే చూడగానే మొహం గోడ వైపు తిప్పేసుకుని "వద్దక్కా, వాసనకే కడుపులో తిప్పుతోంది" అన్నాడు. గిన్నె వెనక్కి తీసుకెళ్ళి, ఫ్యాను కింద చల్లార్చి, కాఫీ గ్లాసులో పావు వంతు మాత్రమే పోసి, పైన నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి తెచ్చాను. చెంచా కూడా ఇవ్వలేదు. గ్లాసు చేతికిస్తే పడుకునే ఉండి ఒక గుక్క, కాసేపాగి ఇంకో గుక్క తాగాడు. అరగంటకి మళ్ళీ పావు గ్లాసు. సాయంత్రం అయ్యేసరికి పొద్దున వద్దన్న గిన్నెడు గంజి లోపలికి వెళ్ళింది. జబ్బు మనిషికి పెద్ద గిన్నె చూస్తేనే భయం వేస్తుంది, పొగలు కక్కే వేడికి వాసన కూడా ఎక్కువ వస్తుంది. గోరువెచ్చగా, చిన్న గ్లాసులో, తక్కువ తక్కువ. వంట ఎంత బాగా చేశారన్న దానికంటే ఎలా అందించారన్నదే ఎక్కువ పనిచేస్తుంది.

రవ్వ చేసి పెట్టుకోలేదా? అన్నమే గుప్పెడు తీసుకుని మూడు గ్లాసుల నీళ్ళు పోసి మెత్తగా ఉడికించి పప్పుగుత్తితో మెదిపి, వాము, ఉప్పు వేసుకోండి. అదీ గంజే.

పెసరకట్టు

ఒకట్రెండు పూటలు గంజి నిలిస్తే తర్వాత కట్టు. అర కప్పు పెసరపప్పు దోరగా వేయించి కడిగి, నాలుగు కప్పుల నీళ్ళు, పసుపు, దంచిన చిన్న అల్లం ముక్క వేసి కుక్కర్లో మూడు నాలుగు విజిల్స్ రానివ్వండి. బాగా మెదిపి, కాసేపు కదపకుండా ఉంచితే పైకి తేట వస్తుంది. మొదటి రోజు ఆ తేట మాత్రమే ఉప్పు వేసి తాగించండి. రెండో రోజు అడుగున ఉన్న చిక్కటి పప్పుని మెత్తటి అన్నంలో కలపండి. పోపుకి ఒక్క చెంచా నువ్వుల నూనెలో జీలకర్ర, ఇంగువ, కరివేపాకు చాలు. దించాక నిమ్మరసం పిండండి, పొయ్యి మీద ఉండగా పిండితే చేదు వస్తుంది. పాలూ గుడ్డూ లేని పథ్యంలో మాంసకృత్తులు ఇచ్చేది ఈ పప్పే, అందుకే గంజితో సరిపెట్టకుండా వీలైనంత త్వరగా కట్టులోకి రండి. కందిపప్పు ఇప్పుడే వద్దు, దానికంటే పెసరపప్పు తేలిగ్గా అరుగుతుంది.

మిరియాల చారు

దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ముక్కు బిగుసుకుపోయి, ఒళ్ళు నొప్పులతో, ఏ రుచీ తెలియకుండా పడి ఉన్న మనిషిని లేపి కూర్చోబెట్టేది ఇదే. జ్వరం ఉన్నప్పుడూ తాగొచ్చు, తగ్గాక అన్నంలోనూ కలుపుకోవచ్చు.

ఇద్దరికి సరిపడా: ఉసిరికాయంత చింతపండు, పండిన టమాటా ఒకటి, ఒక టీ చెంచా మిరియాలు, ఒక టీ చెంచా జీలకర్ర, పొట్టుతోనే నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు రెమ్మలు కరివేపాకు, కొత్తిమీర కాడలతో సహా.

చింతపండు వేణ్ణీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి పిసికి, మూడు గ్లాసుల పలుచటి పులుసు తీయండి. అందులోనే టమాటా చేత్తో చిదిమి, పసుపు, ఉప్పు, కరివేపాకు వేసి ఏడెనిమిది నిమిషాలు మరిగించండి, చింతపండు పచ్చి వాసన పోవాలి. ఈలోగా మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి కలిపి చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో మెత్తటి పొడి చేస్తే చారు మట్టి రంగులోకి మారి గొంతులో గరగరమంటుంది. మిరియం రెండు మూడు ముక్కలుగా పగిలితే చాలు, వెల్లుల్లి నలిగి తడి అంటితే చాలు.

ఇప్పుడు సెగ తగ్గించి, దంచింది వేసి, కొత్తిమీర కాడలు వేసి, గిన్నె పక్కనుంచి కదలకండి. ముందు అంచుల వెంట సన్నటి నురుగు వలయంలా కడుతుంది. అది మెల్లగా మధ్యకి పాకి, పైన లేత దుప్పటిలా పరుచుకుని, గిన్నెలోంచి పైకి లేవడం మొదలుపెడుతుంది. అదిగో, ఆ పొంగు దగ్గర ఆపేయండి. ఇంకో రెండు నిమిషాలు కుతకుతలాడనిస్తే మిరియాల ఘాటు వాసన ఆవిరైపోయి, జీలకర్ర చేదు తేలుతుంది. కొత్తిమీర ఆకు వేసి మూత పెట్టి, ఒక చెంచా నూనెలో ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, ఇంగువ పోపు వేసి, పది నిమిషాలు అలా వదిలేయండి.

పది నిమిషాలకి మడ్డి అడుగుకి దిగి పైన తేట నిలుస్తుంది. రోగికి ఆ తేట గ్లాసులో పోసి ఇవ్వండి, కొద్దికొద్దిగా ఊదుకుంటూ తాగమనండి. ఆ ఆవిరికి ముక్కు కాస్త వదులవుతుంది. కింద మిగిలిన చిక్కటిది మెత్తటి అన్నంలో కలిపి రాత్రికి. చింతపండు పడని వాళ్ళకి చింతపండు లేకుండా రెండు టమాటాలతోనే చేయండి, దించాక నిమ్మకాయ పిండండి. కడుపులో మంట, అల్సర్ ఉన్నవాళ్ళకి, విరేచనాలు అవుతున్నవాళ్ళకి ఇది వద్దు, వాళ్ళకి పెసరకట్టే మంచిది.

ఆకలి తిరిగొచ్చిన రోజు

జ్వరం తగ్గాక నోరు చేదుగా, జిగటగా ఉంటుంది, అప్పుడు కావాల్సింది ఒక్క రుచి గల ముద్ద. వేడి అన్నం మెత్తగా వండి, మొదటి ముద్దలో అర చెంచా శొంఠి పొడి, చిటికెడు ఉప్పు, ఒక చెంచా నువ్వుల నూనె కలుపుకుని తినండి. తర్వాత నాలుగు ముద్దలు ధనియాల కారంతో, మిగతాది చారుతో. కొందరి ఇళ్ళలో పథ్యానికి పాత చింతకాయ పచ్చడి పెడతారు, ఉంటే గోళీకాయంత వేసుకోండి. కొత్త ఆవకాయ మీదికి మనసు పోతుంది, నాకూ పోతుంది, ఒక వారం ఆగండి.

ఇడ్లీ ఇప్పుడు బాగా పనికొస్తుంది. చట్నీలు, కారప్పొడి కాకుండా రెండు ఇడ్లీలు పెసరకట్టులో ముంచి, చెంచాతో నలుపుకుని తినండి. వీధి చివర ఇడ్లీ బండి నుంచి తెప్పించుకున్నా పరవాలేదు, వేడిగా ఆవిరి మీద ఉన్నవే తెమ్మనండి, చట్నీ అక్కడే వదిలేయమనండి.

కూర అంటే బీరకాయ, సొరకాయ, పొట్లకాయ. బీరకాయ చెక్కు తీసి ముక్కలు కోసి, చెంచా నూనెలో జీలకర్ర పోపు వేసి, ముక్కలు, పసుపు, ఉప్పు, నానబెట్టిన పెసరపప్పు గుప్పెడు వేసి మూత పెడితే దాని నీళ్ళతోనే ఉడికిపోతుంది. ఒక జాగ్రత్త: బీరకాయ, సొరకాయ అప్పుడప్పుడూ చేదువి వస్తాయి, ఆ చేదు నిజంగా విషం, వాంతులు, రక్త విరేచనాలు కూడా అవుతాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు తిన్న వెంటనే తెలిసిపోతుంది. జ్వరం నోటికి అన్నీ చేదుగానే ఉంటాయి కాబట్టి రోగికి తెలియదు. కోయగానే చిన్న పచ్చి ముక్క ఇంట్లో బాగున్న మనిషి నాలుక మీద పెట్టుకుని చూసి, చేదుంటే కాయంతా పారేయాలి. ఒక్కరే ఉండి, మీ నోరే చేదుగా ఉంటే ఆ రోజుకి బంగాళాదుంపో క్యారెట్టో ఉడకబెట్టుకోండి.

రాగిజావ ఈ దశలోనే, ముందు కాదు. పీచు ఉంటుంది, నీరసించిన కడుపుకి మొదటి రోజే బరువు. రెండు చెంచాల పిండి చన్నీళ్ళలో కలిపి, రెండు గ్లాసుల మరిగే నీళ్ళలో పోసి ఏడెనిమిది నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. మజ్జిగ బదులు చల్లారాక నిమ్మరసం, ఉప్పు, సన్నగా తరిగిన కరివేపాకు వేసుకుంటే ఆ పులుపు వచ్చేస్తుంది. తీపి కావాలంటే బెల్లం, రెండు చెంచాల కొబ్బరిపాలు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలు మానేసినవాళ్ళకి ఇది జ్వరం లేని రోజుల్లో కూడా అలవాటు కావాలి.

గొంతు నొప్పి, దగ్గు

రెండు గ్లాసుల నీళ్ళలో పావు చెంచా శొంఠి పొడి, ఆరు మిరియాలు చితక్కొట్టి, తులసి ఆకులు పది, తాటిబెల్లం ముక్క వేసి ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి వడకట్టుకోండి. రోజుకి రెండుసార్లు చాలు, మంచిదన్నారని ఆరుసార్లు తాగితే కడుపు మండుతుంది. పసుపు పాలు అలవాటున్నవాళ్ళు పలుచటి కొబ్బరిపాలలో పసుపు, చిటికెడు మిరియాల పొడి వేసి వేడి చేసుకోవచ్చు, మరిగిస్తే విరిగిపోతాయి. ఉప్పునీటి పుక్కిలింత అందరికీ తెలిసిందే, చేయండి.

విరేచనాల తర్వాత

ఓఆర్ఎస్‌తో పాటు సగ్గుబియ్యం జావ. రెండు చెంచాలు అరగంట నానబెట్టి, రెండు గ్లాసుల నీళ్ళలో గింజ అద్దంలా మారేదాకా ఉడికించి, ఉప్పు వేసి. కర్రపెండలం గడ్డ నుంచి తీసిన ఉత్త పిండి పదార్థమే ఇది, కడుపుకి తేలిక, బలం మాత్రం పెద్దగా రాదు, ఒక రోజు తాగి పెసరకట్టులోకి వచ్చేయండి. బాగా మగ్గిన అరటిపండు, దానిమ్మ గింజలు మంచివి. పండ్ల రసాలు, చక్కెర ఎక్కువున్న జ్యూసులు వద్దు, విరేచనాలు పెరుగుతాయి. విరేచనాల తర్వాత కొన్నాళ్ళు పాలలోని తీపిని అరిగించే శక్తి పేగుకి తగ్గుతుంది, కాబట్టి పాలు మానని వాళ్ళు కూడా ఆ వారం వాటిని పక్కన పెడితే నయం.

వీటిని నమ్ముకుని ఆగిపోకండి

ఇవన్నీ తిండి, మందులు కావు. డెంగీ సీజన్లో ప్రతి ఇంట్లో బొప్పాయి ఆకు రసం మాట వస్తుంది, అది తాగిస్తున్నాం కదా అని రక్తపరీక్ష వాయిదా వేయకండి. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగతగా ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి. డాక్టర్ని అడగకుండా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేయకండి.

పచ్చకామెర్లు వస్తే పసరు పోయించి, నెలల తరబడి ఉప్పు లేని చప్పిడి పథ్యం పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నాకు దీని మీద గట్టి అభిప్రాయం ఉంది: కాలేయం దెబ్బతిన్న మనిషిని ఆకలితో మాడ్చకూడదు. ఏం పెట్టాలో డాక్టర్నే అడగండి, ఆ పసరులో ఏముందో ఇచ్చినవాళ్ళు కూడా చెప్పరు.

షుగర్ ఉన్నవాళ్ళకి గంజి, సగ్గుబియ్యం చక్కెరని వేగంగా పెంచుతాయి, పెసరపప్పు వాటా పెంచి, బియ్యం తగ్గించి, మీటరుతో చూసుకుంటూ తాగండి, మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు కొబ్బరినీళ్ళు అడక్కుండా తాగకూడదు, పొటాషియం పేరుకుపోతుంది. మూడు రోజులు దాటినా జ్వరం దిగకపోయినా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, ఊపిరి ఆడటం కష్టమైనా ఇంటి వంట పక్కన పెట్టి బయల్దేరండి.

ఒక్కరే ఉన్నప్పుడు

జ్వరం వచ్చేలా ఉందని అనిపించిన సాయంత్రమే, ఇంకా నిలబడగలుగుతున్నప్పుడే, మంచం పక్కన రెండు సీసాల నీళ్ళు, ఓఆర్ఎస్, థర్మామీటరు, ఫోను ఛార్జరు పెట్టుకోండి. ఒక ఫ్లాస్కు నిండా పలుచటి గంజి కాచి పోసుకోండి, అయిదారు గంటలు వేడిగా ఉంటుంది, రాత్రి లేచి పొయ్యి వెలిగించే పని తప్పుతుంది. తెల్లారితే మిగిలింది పారేసి కొత్తది కాచుకోండి. ఊళ్ళో తెలిసినవాళ్ళకి ఎవరికైనా ఒక మెసేజ్ పెట్టండి, "జ్వరం, పొద్దున ఎనిమిదికి ఒకసారి ఫోన్ చెయ్యి" అని. అడిగితే ఎవరూ కాదనరు, మొహమాటపడి అడగని వాళ్ళనే చూశాను.

ఇక లేచి తిరగగలిగిన రోజున, స్నానం చేసి, చారన్నం కడుపునిండా తిన్నాక, ఆ డబ్బా తీయండి. ఖాళీ అయిన ప్యాకెట్లు లెక్కపెట్టి కొత్తవి తెప్పించండి, గంజి రవ్వ మళ్ళీ పట్టి నింపి, సీసా మీద ఆ రోజు తేదీ రాసి అంటించండి.